కాస్త జరుగుతారా?

ఆ లోయలో నది ఒకచోట మోచెయ్యిలా మడత పడుతుంది. ఆ మడత లోపల, రాతి చూరు కింద, చదునుగా ఇసుక పరుచుకుని ఉంటుంది. పక్కనే నీళ్లు, వెనక గాలి తగలకుండా బండ. గుడారం వేసుకోవడానికి అంతకంటే మంచి చోటు ఆ లోయ మొత్తంలో లేదు.

అయినా అక్కడ ఎవరూ గుడారం వెయ్యరు.

ఎందుకంటే... నిద్ర పట్టే వేళకి బయటినుంచి ఎవరో అడుగుతారట. ఆడగొంతు. అరుపుల్లేవు, ఏడుపుల్లేవు, నవ్వుల్లేవు. మెల్లగా, ఎంతో మర్యాదగా —

"కాస్త జరుగుతారా?"

అంతే.

నిద్రమత్తులో ఎవరైనా జరిగారో, జరిగినంత మేరా తెల్లారేదాకా మంచుగడ్డలా ఉంటుందట. జరక్కపోతే మళ్లీ అడుగుతుందట. తెల్లవార్లూ. అదే గొంతుతో. విసుక్కోకుండా. ఒకాయన మొహమాటానికి పోయి, జరిగీ జరిగీ, పొద్దున్నే కళ్లు తెరిచేసరికి మోకాలి లోతు నీళ్లలో పడుకుని ఉన్నాడని చెప్పుకుంటారు.

ఈ కథలన్నీ కండక్టరుకి తెలుసు. ఆయన బస్సు రోజూ ఆ లోయ మీది వంతెన దాటుతుంది. వంతెన రాగానే ఎవరో ఒకరు కిటికీలోంచి కిందికి చూపించి మొదలుపెడతారు. ఆయన వినకూడదనుకుంటూనే చెవులు రిక్కించి వింటాడు. బస్సులో ఎంతమంది ఉన్నా ఒక్క కేకతో సర్దేసే మనిషి, ఇంట్లో మాత్రం వెనకగదిలోకి వెళ్లాలంటే ముందు చెయ్యి ఒక్కటే లోపలికి పెట్టి లైటు వేస్తాడు. ఆ తర్వాతే మనిషి వెళతాడు.

అలాంటి మనిషి, ఆ లోయలో, ఆ ఇసుక మీద, ఒక రాత్రి పడుకోవలసి వచ్చింది.

తప్పు ఆయనదే. పెళ్లయిన కొత్తలో భార్య ఒకసారి ఆయన బస్సులోనే వెళుతూ, వంతెన మీదనుంచి కిందికి చూసింది. అంత లోతులో, రెండు కొండల మధ్య, దారప్పోగులా నది. "ఏమండీ, ఎప్పుడైనా ఒక రాత్రి అక్కడ పడుకుందామా?" అంది. ఆయన ఎవరికో టికెట్టు కొడుతూ, వినీ వినకుండా, "అలాగే, అలాగే" అన్నాడు.

ఆమె మర్చిపోలేదు. ఆయన ఒక ఏడు సెలవు దొరకలేదన్నాడు, ఒక ఏడు వానలన్నాడు, ఒక ఏడు మోకాలన్నాడు. ఆమె ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీలు చేసీ చేసీ చీకటంటే లెక్కలేని మనిషి. ప్రతిసారీ "సరేలెండి" అని ఊరుకునేది.

ఈసారి ఊరుకోలేదు.

"నేను సెలవు పెట్టేశాను. మా తమ్ముడూ వస్తున్నాడు. మీరు వస్తే ముగ్గురం. రాకపోతే ఇద్దరం" అంది.

ఆ మాటలో కోపం లేదు. అదే ఆయన్ని కంగారు పెట్టింది.

తమ్ముడంటే కండక్టరు బావమరిది. భూముల సర్వేయరు. కొలవకుండా ఏదీ నమ్మడు, జేబులో టేపు లేకుండా పెళ్లికి కూడా వెళ్లడు. అందుకే ఇంట్లో అందరూ అతన్ని టేపు అనే పిలుస్తారు. ఆ సాయంత్రం వచ్చి, భోజనాల బల్లమీద లోయ పటం పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా ఉప్పు డబ్బా, గ్లాసు, టీవీ రిమోటు, బావగారి కళ్లజోడు పెట్టాడు.

"ఇక్కడ బస్సు దిగుతాం. ఇదిగో కాలిబాట. మధ్యాహ్నానికి కిందికి దిగిపోతాం. రాత్రికి ఇక్కడ." వేలు సరిగ్గా మోచెయ్యి మడత మీద ఆగింది.

కండక్టరు తన కళ్లజోడు లాక్కుని పటం మీదికి వంగాడు. "వేరే చోటు లేదా?"

"మిగతాదంతా బండలే బావా. నిలబడి పడుకోవాలి."

"పాములుంటాయి."

"చలికాలం. అవీ పడుకుంటాయి" అంది భార్య, బంగాళాదుంపలు చెక్కు తీస్తూ.

"నది పొంగితే?"

"పైన ఆనకట్ట వాళ్లని అడిగాను. ఈ వారం నీళ్లు వదలరు" అన్నాడు టేపు.

"నా మోకాలు..."

"పక్కన నర్సుని పెట్టుకుని మోకాలంటారేమిటి" అంది భార్య.

ఆయన సాకులన్నీ అయిపోయాయి. చివరికి, గొంతు తగ్గించి, గోడలకి కూడా వినబడకుండా, అసలు సంగతి చెప్పాడు. ఆ గొంతు. ఆ అడగడం. ఆ మంచుగడ్డ.

నల్లాలోంచి ఒక్కో చుక్కా పడుతున్న చప్పుడు...

"మర్యాదగానే అడుగుతోందిగా" అంది భార్య. "మా వార్డులో రోగుల తాలూకు చుట్టాలు అంతకన్నా గట్టిగా అడుగుతారు."

"నీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వడం లేదండీ. పాపం, పడుకోవడానికి చోటు లేదేమో."

టేపు మాత్రం తల గోక్కుంటూ ఆలోచనలో పడ్డాడు. అతనికి దెయ్యం ఉందా లేదా అన్నది సమస్య కాదు. ఎంత వెడల్పు ఉంటుందన్నది సమస్య.

"బావా, ఖాళీ ఉంటేనేగా అడిగేది? ఖాళీయే లేకుండా చేద్దాం. ఇద్దరు పట్టే గుడారం తీసుకుందాం. ముగ్గురం దూరదాం. దూదిపింజ కూడా దూరకూడదు."

అని లేచి, టేపు లాగి, బావగారి భుజాలు కొలవడం మొదలుపెట్టాడు. కండక్టరు పొట్ట లోపలికి లాగాడు.

"ఊపిరి వదలండి. రాత్రంతా బిగబట్టలేరుగా."

మర్నాడు గుడారం వచ్చింది. ముందు ఇంట్లో ఒకసారి పడుకుని చూడాలన్నాడు టేపు. ముందుగదిలో బల్ల పక్కకి జరిపారు, సోఫా గోడకి నిలబెట్టారు. గచ్చులో మేకులు దిగవు కాబట్టి, ఒక తాడు కిటికీ ఊచకి, ఒకటి సోఫా కాలికి, ఒకటి తలుపు గడియకి, ఒకటి ఫ్రిజ్ పిడికి కట్టారు. ముగ్గురూ దూరారు. అటు చివర టేపు, ఇటు చివర భార్య, మధ్యలో కండక్టరు. అంచుకి పడుకోనంటే పడుకోనన్నాడు మరి. లైటు ఆర్పారు.

చీకటి. ఊపిరి ఆడటం లేదు. ఫ్రిజ్ ఒక్కటే గురగురమంటోంది. కాసేపటికి అది కూడా ఆగిపోయింది...

కండక్టరు కళ్లు మూతలు పడుతున్నాయి. అప్పుడు — చెవి పక్కనే — మెల్లగా —

"కాస్త జరుగుతారా?"

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. లేచాడు. మనిషితో పాటు గుడారం లేచింది, గుడారంతో పాటు తాళ్లు లేచాయి. సోఫా దభీమని పడింది. ఫ్రిజ్ తలుపు తెరుచుకుని, లోపలి గుడ్లన్నీ ఒక్కొక్కటిగా గచ్చు మీదికి దిగడం మొదలుపెట్టాయి. ఆ ఫ్రిజ్ వెలుగులో, గుడారం తలమీద కప్పుకుని, కండక్టరు గుండ్రంగా తిరుగుతున్నాడు.

"నేనేనండీ!" అంది భార్య కిందనుంచి. "నా చెయ్యి మీ కింద ఉండిపోయింది!"

అంతలో గంట మోగింది. కింది వాటా ఆయన. తలుపు తీస్తే, ఒళ్లంతా గుడారం చుట్టుకుని ఇంటాయన, కాళ్లకి గుడ్డుసొన పూసుకుని బావమరిది, జుట్టు చెదిరి ఇల్లాలు.

"ఏమైందండీ?"

"ఏం లేదండీ" అన్నాడు కండక్టరు. "పడుకుంటున్నాం."

కింది వాటా ఆయన ఇంకేమీ అడక్కుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అనుకున్న రోజున బయలుదేరారు. కాలిబాట నిటారుగా దిగుతుంది. టేపు ముందు, భార్య మధ్య, కండక్టరు వెనక. ఆయన వీపు మీద బియ్యం బస్తా అంత సంచీ. మధ్యాహ్నానికి కిందికి దిగారు. పైనుంచి దారప్పోగులా కనిపించే నది, దగ్గరికెళితే పచ్చగా, నిండుగా, రాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ పోతోంది. భార్య చెప్పులు విడిచి నీళ్లలో నిలబడింది. తలెత్తి పైకి చూసింది. ఎక్కడో ఆకాశంలో వంతెన, దాని మీద అగ్గిపెట్టెంత బస్సు.

"ఇన్నాళ్లూ అందులోంచి ఇటు చూశాను" అంది.

ఆమె మొహంలో ఆ వెలుగు చూసి, కండక్టరు ఆ కాసేపూ దెయ్యం సంగతే మర్చిపోయాడు. రొట్టె తిన్నారు, టీ కాచుకున్నారు, ఆమె ఆస్పత్రి కబుర్లు చెబితే పొట్ట పట్టుకుని నవ్వారు. అప్పుడు పొద్దు గుంకింది. లోయలో చీకటి పైనుంచి దిగదు. కిందనుంచి, నీళ్లలోంచి, మెల్లగా లేస్తుంది...

గుడారంలో దూరారు. అదే వరస. దూదిపింజ దూరే సందు లేదు. టేపు చెయ్యి అటూ ఇటూ పెట్టి చూసి "భేష్" అన్నాడు. పడుకున్నారు.

నది చప్పుడు. గాలి లేదు. కీచురాళ్లు.

ఉన్నట్టుండి కీచురాళ్లు ఆగాయి.

ఇసుక మీద అడుగులు... ఒకటి... ఇంకొకటి... గుడారం గుమ్మం దగ్గర ఆగాయి.

"కాస్త జరుగుతారా?"

టేపు బిగుసుకుపోయాడు. భార్య కళ్లు తెరిచింది. ఈసారి తన చెయ్యి తన దగ్గరే ఉంది.

కండక్టరు మాత్రం అప్పుడే నిద్రలో మునిగాడు. అంత ఇరుకులో, అటో మనిషి ఇటో మనిషి ఒత్తుకుని ఉంటే, ఆయన ఒళ్లు తను బస్సులో ఉన్నాననుకుంది. కళ్లు తెరవకుండానే, రోజూ అలవాటైన గొంతుతో, లోయంతా మారుమోగేలా అరిచాడు.

"చోటు లేదమ్మా, చోటు లేదు! వెనక బండి వస్తోంది, అందులో ఎక్కండి!"

గుమ్మం దగ్గర అడుగులు కదల్లేదు.

తర్వాత, సందేహంగా — "నిజంగా వస్తుందా?"

"ఖాళీగా వస్తోందమ్మా! అదిగో, వచ్చేస్తోంది!"

"సరే అయితే" అంది గొంతు. చాలా సంతోషంగా.

అడుగులు వెనక్కి వెళ్లాయి. కొంచెం దూరంలో ఎవరో ఇసుకలో కూలబడిన చప్పుడు. ఆ తర్వాత తెల్లారేదాకా మళ్లీ ఏ చప్పుడూ లేదు.

ఆ కూలబడిన చప్పుడుకే కండక్టరుకి మెలకువ వచ్చింది. తను ఎవరితో మాట్లాడాడో అప్పుడు అర్థమయింది. ముగ్గురూ ఒకరి చేతులొకరు పట్టుకుని, కదలకుండా, తెల్లవారేదాకా పడి ఉన్నారు.

పొద్దున్న టేపు గంతులేశాడు. "బావా! ఇన్నేళ్లలో ఒక్కడికీ తట్టలేదు! ఒక్క మాటతో పంపించేశారు!"

కండక్టరుకి కూడా కొంచెం ఛాతీ ఉబ్బింది. గుడారం మడుస్తూ ఈల వేశాడు. భార్య మాత్రం దూరంగా వెళ్లి నిలబడింది. అక్కడ ఇసుకలో, ఎవరో కూర్చున్నంత మేర, తడిగా ఒక గుంట. కాలిబాటకి ఎదురుగా.

ఎక్కుతున్నంతసేపూ ఆమె మాట్లాడలేదు. పైకి వచ్చాక అడిగింది.

"వెనక బండి ఉందా?"

"ఏ బండి?"

"మీరు రాత్రి చెప్పింది."

"అది... ఊరికే అంటాం. బస్సు నిండితే అలా అంటాం."

"మరి రోజూ మీరు చెప్పినప్పుడు ఉంటుందా?"

ఆయన చెప్పులు చూసుకున్నాడు. "ఒక్కోసారి."

"పాపం, ఎదురుచూస్తూ కూర్చుంటుంది" అంది ఆమె. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మర్నాటినుంచి కండక్టరు నోటికి ఏదో అయింది. స్టాపులో జనం, బస్సు కిక్కిరిసి ఉంది. "వెనక బండి" అనబోయాడు — మాట సగంలోనే మింగేశాడు. అందరినీ ఎక్కించేశాడు. తర్వాతి స్టాపులోనూ అంతే. ఆ తర్వాతా అంతే. బస్సు ఒక పక్కకి ఒరిగింది. ఒకావిడ తన బిడ్డననుకుని పక్కావిడ బిడ్డకి పాలసీసా పట్టింది. డ్రైవరు వెనక్కి తిరిగి అరిచాడు.

"ఇది బస్సా, ఊరగాయ జాడీయా? వెనక బండి వస్తోందని చెప్పవయ్యా!"

"ఎలా చెప్పను?" అన్నాడు కండక్టరు దీనంగా. "నమ్ముతారు."

బస్సు మూలుగుతూ వంతెన ఎక్కింది. ఆయన వద్దనుకుంటూనే కిందికి చూశాడు.

మిట్టమధ్యాహ్నం. ఇసుక తెల్లగా మెరుస్తోంది. దాని మీద సన్నగా, నల్లగా ఏదో నిలబడి ఉంది. ఒక చెయ్యి ముందుకు చాపి. బస్సు ఆపడానికి చాపుతామే... అలా.

వంతెన మీద బస్సు కదులుతున్న కొద్దీ, ఆ చెయ్యి కూడా దానితో పాటే తిరిగింది.

ఇంటికి రాగానే భార్యకి చెప్పాడు. ఆమె గిన్నెలు తోముతోంది. చేతులు ఆగిపోయాయి.

"ఎండలోనా?"

"ఎండలోనే."

"ఏం చేద్దామంటారు?"

ఆయన చాలాసేపు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత, జీవితంలో మొదటిసారి, ఎవరూ అడక్కుండా అన్నాడు.

"మీ తమ్ముణ్ణి రమ్మను. పెద్ద గుడారం కావాలి."

ఈసారి ప్రణాళికంతా కండక్టరుదే. టేపు బిత్తరపోయి చూస్తూ కూర్చున్నాడు. ఒకాయన పాత గుడారం అరువిచ్చాడు. పెద్ద కుటుంబం మొత్తం పట్టేది, మొయ్యడానికే ఇద్దరు కావాలి. పరుపు ఒకటి ఎక్కువ, దుప్పటి ఒకటి ఎక్కువ సర్దారు. సంచీ కట్టేటప్పుడు భార్యకి అందులో యూనిఫాం చొక్కా, మెడలో వేసుకునే విజిలు కనిపించాయి.

"ఇవెందుకండీ?"

"వెనక బండి అన్నానుగా. బండిలాగా ఉండాలి కదా" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

ఆమె నవ్వాపుకుని, ఆ చొక్కా బయటికి తీసి ఇస్త్రీ చేసి పెట్టింది.

మళ్లీ అదే లోయ. అదే ఇసుక. టేపు గుడారం ముందు రెండు టార్చిలైట్లు కట్టాడు. దూరంనుంచి చూస్తే నిజంగానే బండి ఆగినట్టుంది. లోపల ముగ్గురూ ఒక పక్కకి ఒదిగి, గుమ్మం పక్కన పరుపంతా ఖాళీగా వదిలారు. ఈసారి అంచుకి, ఆ ఖాళీ పక్కనే, కండక్టరు పడుకున్నాడు. మెడలో విజిలు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. చలికి మాత్రం కాదు.

కీచురాళ్లు ఆగాయి.

అడుగులు... గుమ్మం దగ్గర...

"వెనక బండి ఇదేనా?"

కండక్టరు విజిలు గట్టిగా పట్టుకున్నాడు. భార్య వెనకనుంచి వీపు మీద మెల్లగా చెయ్యి వేసింది.

"ఇదేనమ్మా. ఖాళీగానే ఉంది. ఎక్కండి."

గుమ్మం జిప్పు దానంతటది పైకి లేచింది. చల్లగాలి ఒకటి లోపలికొచ్చింది. ఖాళీ పరుపు మెల్లగా, మనిషి బరువుకి, లోపలికి దిగింది.

"దుప్పటి కప్పుకోమ్మా" అంది భార్య, వార్డులో రోగికి చెప్పినట్టు. దుప్పటి కాసేపు కదిలి, సర్దుకుంది. ఎంతో కాలంగా నిలబడీ నిలబడీ అలిసిపోయిన మనిషి కాళ్లు చాపుకున్నప్పుడు విడిచే నిట్టూర్పు ఒకటి వినిపించింది.

అంతే. భయం లేదు. పక్కన చల్లగా ఉన్న మాట నిజమే కానీ, ఎండాకాలం గచ్చు మీద పడుకున్నట్టు, హాయైన చల్లదనం. కండక్టరు కళ్లలో నీళ్లు తిరిగాయి. అటు పక్కన టేపు అప్పుడే గుర్రు పెడుతున్నాడు. భార్య ఆయన చెయ్యి పట్టుకుని, "మంచి పని చేశారండీ" అంది చెవిలో.

ఆయన కళ్లు మూసుకున్నాడు...

బయట ఎవరో దగ్గారు.

మగగొంతు. ముసలిది.

"బాబూ... కాస్త జరుగుతారా?"

దాని వెనకే పసిపిల్ల ఏడుపు. ఎవరో "ఉష్... వచ్చేసింది, వచ్చేసింది" అని ఊరుకోబెడుతున్నారు. దాని వెనక ఇంకెవరో గొంతు సవరించుకున్నారు.

కండక్టరు చటుక్కున లేచి కూర్చున్నాడు. పక్కన దుప్పటి కదిలింది. ఆ మర్యాదైన గొంతు, కొంచెం సిగ్గుపడుతూ అంది —

"ఖాళీగా వస్తుందన్నారుగా... అందరికీ చెప్పాను."

ఆయన గుమ్మం గుడ్డ పక్కకి తప్పించి బయటికి చూశాడు.

టార్చిలైట్ల వెలుగు పడినంత మేరా, అది దాటాక వెన్నెల పడినంత మేరా, ఇసుక మీద, నీటి అంచు వెంట, మడత తిరిగి కొండ చాటుకి పోయేదాకా... ఒకరి వెనక ఒకరు... నోరెత్తకుండా, తోసుకోకుండా, వరసలో నిలబడి ఉన్నారు.

లోపలినుంచి భార్య అడిగింది. "ఎంతమందండీ?"

"అడక్కు" అన్నాడు కండక్టరు. "జరుగు."